బ్యాడ్జీ మీద పేరు

నా పేరు సువార్త.
ఫర్వానియా క్లినిక్కులో బ్యాడ్జీ కొట్టినవాడు
మధ్యలో ఒక అక్షరం మింగేశాడు.
అప్పట్నుంచీ అందరికీ నేను స్వార్థ.
సరిచేయించమని అడగలేదు,
తుడిచే మనిషికి పేరెందుకులే అనుకున్నాను.

నేల తుడవటం, మంచమ్మీద కాగితం మార్చటం,
కాళ్లు ఆన్చే ఇనుప కొక్కేలు డెట్టాలుతో కడగటం.
మాట మార్చటం నా జీతంలో లేదు.
అయినా మన పిల్లలెవరొచ్చినా
నజ్వా డాక్టరు తలుపు ఓరగా తీసి
"స్వార్థా!" అంటుంది.
మాపు కర్ర గోడకి జేరేసి లోపలికెళ్తాను.
తెరకి ఇవతల నిలబడి
ఈ నోట్లోది ఆ చెవికి మోస్తాను.

మొదట్లో తిప్పలే.
చిట్వేలు పిల్ల ఓబుళమ్మ "వేడి చేసింద"ంటే
హరారా అన్నాను,
డాక్టరు జ్వరం చూసే పుల్ల నోట్లో పెట్టింది.
ఇంకో అమ్మాయి "బయటున్నాను" అంటే
ఎవరింటి బయట? అని అడిగింది.
ముట్టుకి మనకెన్ని చాటుమాటలో!
ముడి విప్పితే అన్నిట్లోనూ ఒకటే నెత్తురు.

ఓబుళమ్మకి ఇరవై రెండేళ్లు.
పద్దెనిమిది రోజులుగా పోతోంది.
మేడమ్ పనడాల్ ఇచ్చింది.
ఫోన్లో అమ్మ మెంతులు నానేసుకోమంది.
తను నల్ల ప్యాంట్లు రెండూ మార్చి మార్చి తొడిగింది.
"ఇమ్తా?" అంది డాక్టరు. ఎప్పట్నుంచి?
పిల్ల రోజులు చెప్పలేదు, ఏళ్లు చెప్పింది.
పద్నాలుగో ఏటి నుంచీ ఇంతేనట,
ఆడపుటకంటేనే ఇంత అనుకుందట.
ఆ ముక్క నాకు అరబ్బీలో రాలేదు.
ఊరికే నిలబడ్డాను.
డాక్టరుకి అర్థమైంది.
ఆ రాత్రి పెద్దాసుపత్రిలో రెండు సంచుల రక్తం ఎక్కించారు.

గురువారం, కట్టేసే వేళ
కాగితం చుట్ట మారుస్తున్నాను.
"నువ్వో? ఇమ్తా?"
మూడేళ్లు మోశానా మాటని,
ఎవరూ నా గుమ్మంలో దించలేదు.
నాకేమీ లేదు డాక్టర్, అన్నాను.
"ఏమీ లేనప్పుడే రా.
ఉన్నప్పుడు అందరూ వస్తారు."

నిజమే, నన్ను చూడలేదని కాదు.
ఎక్కేముందు హైదరాబాదులో, దిగాక ఇక్కడ,
ఊపిరితిత్తులు వెలుగులో పెట్టి చూశారు,
నెత్తురు తీశారు, పదివేళ్లూ అద్దించుకున్నారు.
నా నుంచి ఎవరికేం అంటుతుందోనని.
నాకేమైనా ఉందేమోనని
ఒక్క స్టాంపూ అడగలేదు.
కారుక్కూడా ఏటా ఫహస్ ఉంది ఈ దేశంలో.
ఏసీ జల్లెడ మార్చిలోనే దులుపుతాం,
జూన్ ఎండ నెత్తికెక్కాక కాదు.

అమ్మ గొంతు ఒకటి లోపల సణిగింది:
మొగుడు రియాద్‌లో, నువ్విక్కడ,
ఆ మంచంతో నీకేం పనే?
సణగనిచ్చాను.

నేను పరిచిన కాగితమ్మీద నేనే పడుకున్నాను.
అది అంత చప్పుడు చేస్తుందని తెలీదు.
పైన ఒక మూల బూజు వేలాడుతోంది.
మూడేళ్లు నేల చూసుకుంటూ తుడిచాను,
ఇంతమంది ఆడవాళ్లు కళ్లప్పగించిన ఆ మూల
నేను చూడనే లేదు.
ఇనుముని గోరువెచ్చటి నీళ్లలో ముంచింది డాక్టరు.
కాటుక పుల్లంత బ్రష్షు.
పది లెక్కపెట్టమంది.
ఏడు దగ్గరే అయిపోయింది.

మళ్లీ రావలసిన తారీఖు చీటీ మీద రాస్తూ
పేరు సరిగ్గా చెప్పమంది.
సువార్త అనబోయి ఆగాను.
అదే రాయండి డాక్టర్,
బ్యాడ్జీ మీదున్నదే.

శనివారం పొద్దున్నే నిచ్చెనేసుకుని
మూల దులుపుతుంటే
తలుపు ఓరగా తెరుచుకుంది.
గుమ్మంలో ఎవరిదో కొత్త పిల్ల,
చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ.
"స్వార్థా!"
వస్తున్నా, అన్నాను,
జుట్టులో బూజుతోనే.